హొంగసంద్ర 189: రద్దయిన వార్డుకు ఎన్నికల చరిత్ర ఎలా రాయాలి

మీ ప్రశ్న సారాంశం ఇది: చిత్తూరు నుంచి వచ్చి చాలా ఏళ్లుగా బేగూరు రోడ్డు దగ్గర ఉంటున్నారు. మీ ప్రాంతం బెంగళూరు బీబీఎంపీ (బృహత్ బెంగళూరు మహానగర పాలికె) 189వ వార్డు హొంగసంద్రలో ఉండేది, ఇప్పుడా వార్డు లేదు. కాలనీ సంఘం సావనీరులో దాని ఎన్నికల చరిత్ర తెలుగులో వేయాలనుకుంటున్నారు. మీకు మూడు చిక్కులు వచ్చాయి. 2010కి ముందు ఏమీ దొరకడం లేదు. 2015 ఫలితాల్లో మీ వార్డు ఎదుట ఓట్ల అంకె లేదు. 2022, 2023 వార్డుల పటాలు ఒకదానితో ఒకటి కలవడం లేదు.

మూడింటికీ మూలం ఒకటే. మీరు వార్డు పేరును, నంబరును పట్టుకుని వెనక్కి వెళుతున్నారు. బెంగళూరులో పేరూ నంబరూ నిలవవు, నిలిచేది నేల. ఇంటి దస్తావేజులో తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం చెక్కుబందీ రాసినట్టే వార్డుకూ ప్రభుత్వ రాజపత్రంలో (గెజెట్‌లో) చెక్కుబందీ రాస్తారు. కన్నడంలోనూ ఆ మాట దాదాపు అదే, చక్కుబంది. ముందు అది చేతికి రావాలి, ఓట్ల సంగతి తర్వాత.

ముందు కాలాన్ని ముక్కలు చేసుకోండి

హొంగసంద్ర మొదట బెంగళూరు దక్షిణ తాలూకా బేగూరు హోబళిలో (తాలూకాలో ఒక భాగం) ఒక ఊరు. 2007కి ముందు అది బొమ్మనహళ్లి నగరసభ (మున్సిపాలిటీ) పరిధిలో ఉండేది, బెంగళూరు మహానగర పాలికెలో (కార్పొరేషన్‌లో) కాదు. అప్పటి పాలికెలో 100 వార్డులు, విస్తీర్ణం సుమారు 226 చదరపు కిలోమీటర్లు. 2007లో ఆ 100 వార్డులకు ఏడు నగరసభలను (రాజరాజేశ్వరినగర, దాసరహళ్లి, బొమ్మనహళ్లి, కృష్ణరాజపురం, మహదేవపుర, బ్యాటరాయనపుర, యలహంక), కెంగేరి పురసభను (చిన్న పట్టణ మున్సిపాలిటీ), 110 గ్రామాలను కలిపి బృహత్ బెంగళూరు మహానగర పాలికె చేశారు. విస్తీర్ణం 700 చదరపు కిలోమీటర్లు దాటింది. ఆ తర్వాత మొత్తాన్ని 198 వార్డులుగా విభజించారు.

కాబట్టి పాత పాలికెకు జరిగిన 1996, 2001 ఎన్నికల ఫలితాల్లో హొంగసంద్ర కోసం వెతికితే దొరకదు. దొరకకపోవడమే సరి. మీకు కావలసినవి ఆ కాలపు బొమ్మనహళ్లి నగరసభ ఎన్నికల కాగితాలు. అది వేరే చట్టం కింద, అంటే 1964 నాటి కర్ణాటక మున్సిపాలిటీల చట్టం కింద జరిగిన ఎన్నిక. వార్డుల పరిమాణం వేరు, నంబర్లు వేరు. నగరసభ వార్డు చిన్నది. అలాంటివి కొన్ని కలిస్తేనో, కొన్నింటి ముక్కలు కలిస్తేనో ఒక బీబీఎంపీ వార్డు అయింది. "2001లో హొంగసంద్ర నుంచి ఫలానా వారు కార్పొరేటరు" అని ఎవరైనా చెబితే ఒప్పుకోవద్దు. ఆయన నగరసభ సభ్యుడై ఉండవచ్చు, కార్పొరేటరు మాత్రం కాదు.

189వ వార్డు ప్రజలు ఓటు వేయాల్సిన సాధారణ ఎన్నికలు రెండే వచ్చాయి. ఒకటి 2010 మార్చి 28న, రెండోది 2015 ఆగస్టు 22న. 2015లో ఎన్నికైన పాలకమండలి గడువు 2020 సెప్టెంబరు 10న ముగిసింది. పాత 198 వార్డులతోనే ఎన్నికలు జరపాలని 2020 డిసెంబరులో హైకోర్టు ఆదేశించినా సుప్రీంకోర్టు నిలుపుదల ఇచ్చింది. తర్వాత 2020 నాటి బీబీఎంపీ చట్టం 2021 జనవరి 11 నుంచి అమల్లోకి వచ్చి వార్డుల సంఖ్యను 243 చేసింది. 2022 జులైలో ఆ 243 వార్డుల హద్దులు రాజపత్రంలో వచ్చాయి. ప్రభుత్వం మారాక 2023 సెప్టెంబరులో 225 వార్డులతో ఇంకో ప్రకటన వచ్చింది. మీరు చూసిన రెండు పటాలు ఇవే. వీటి మీద ఒక్క ఓటు కూడా పడలేదు. 2025 సెప్టెంబరులో బీబీఎంపీ స్థానంలో ఐదు నగర పాలికెలు, వాటిపైన గ్రేటర్ బెంగళూరు ప్రాధికారం (అథారిటీ) వచ్చాయి. బొమ్మనహళ్లి వైపు బెంగళూరు దక్షిణ నగర పాలికెలోకి వెళ్లింది. అందుకే 243 నాటి, 225 నాటి పేర్లను ఎన్నికల పట్టికలో వరుసలుగా పెట్టకండి. "వార్డు హద్దుల మార్పులు" అని వేరే పేరాలో చెప్పి వదిలేయండి.

2015 వరుసలో ఓట్లు ఎందుకు లేవు

ఇది మీ వార్డుకు ప్రత్యేకం, చాలామంది తప్పు రాసేదీ ఇక్కడే. 2015లో 198 స్థానాలకు గాను 197 వార్డుల్లోనే పోలింగ్ జరిగింది. మిగిలిన ఆ ఒక్కటి హొంగసంద్ర. అక్కడ బీజేపీ అభ్యర్థి ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. కన్నడ కాగితాల్లో "అవిరోధ ఆయ్కె" అని ఉంటుంది. ఆ మాట చూడగానే ఓట్ల కోసం వెతకడం ఆపేయవచ్చు.

దీన్ని పట్టికలో ఎలా చూపాలన్నది ముఖ్యం. ఓట్లు సున్నా అని రాయకూడదు, ఎందుకంటే సున్నా అంటే పోటీ జరిగి ఎవరూ ఓటేయలేదని అర్థం. నూరు శాతం అనీ రాయకూడదు. గడి ఖాళీగా వదిలితే లెక్క దొరకలేదనుకుంటారు. "పోటీ లేదు, ఏకగ్రీవం" అని అక్షరాల్లోనే రాయండి. పోలింగ్ శాతం, ఆధిక్యం, ఓట్ల మొగ్గులో మార్పు అనే మూడు గడుల్లోనూ "వర్తించదు" అని ఉండాలి. 2015లో నగరం మొత్తం మీద పోలింగ్ సుమారు 49 శాతం అని చదివి ఆ అంకెను మీ వార్డు గడిలో వేయడం ఇంకా పెద్ద తప్పు. మీ వీధుల్లో ఆ రోజు ఎవరూ క్యూలో నిలబడలేదు.

ఇక్కడ ఇంకో సన్న సంగతి ఉంది. 2015లో బీజేపీ 100, కాంగ్రెస్ 76, జేడీఎస్ 14, స్వతంత్రులు, ఇతరులు కలిపి 8 అని చెప్పే సీట్ల లెక్క 198 వార్డులది. పార్టీల ఓట్ల శాతం మాత్రం 197 వార్డులది. రెండింటినీ పక్కపక్కన పెట్టి సీటుకు ఎన్ని ఓట్లు పడ్డాయని లెక్కించేవారు మీ వార్డును తీసేసి బీజేపీకి 99 అని పట్టుకోవాలి. తేడా చిన్నదే, కానీ హొంగసంద్ర చరిత్ర రాసేవారు అది గమనించకపోతే ఇంకెవరు గమనిస్తారు?

ఏకగ్రీవం అని రాసి ఊరుకోవద్దు కూడా. నామినేషన్లు ఎన్ని వచ్చాయి, పరిశీలనలో ఎన్ని తిరస్కరించారు, ఎన్ని ఉపసంహరించుకున్నారు అనే మూడు అంకెలు ఎన్నికల అధికారి కాగితాల్లో ఉండాలి. వార్డు చరిత్రలో అసలు సంగతి అదే. తిరస్కరణ వల్ల పోటీ పోవడం ఒక కథ, ఉపసంహరణ వల్ల పోవడం ఇంకో కథ. ఊళ్లో చెప్పుకునే మాట పట్టుకుని ఏ కారణమూ రాయకండి. కాగితం వచ్చాకే రాయండి.

ఏ కాగితం ఎక్కడ

చాలా దరఖాస్తులు తప్పు కార్యాలయానికి వెళ్లి నెలలు వృథా అవుతాయి. పని ఎలా పంచుకున్నారో తెలిస్తే ఆ ఇబ్బంది ఉండదు. వార్డుల హద్దులు, రిజర్వేషన్ తేల్చేది రాష్ట్ర ప్రభుత్వ నగరాభివృద్ధి శాఖ. అవి కర్ణాటక రాజపత్రంలో వేర్వేరు ప్రకటనలుగా వస్తాయి. హద్దులను "మరువింగడణె" అనే మాటతో, రిజర్వేషన్‌ను "మీసలాతి" అనే మాటతో వెతకండి. ఓటర్ల జాబితా, పోలింగ్, ఫలితం రాష్ట్ర ఎన్నికల సంఘానివి. ఇది రాజ్యాంగం 243కె, 243జెడ్ఏ అధికరణాల కింద పనిచేసే సంఘం. శాసనసభ, లోక్‌సభ ఎన్నికలు జరిపే భారత ఎన్నికల సంఘం వేరు. వార్డు ఫలితం కావాలని వాళ్లకు రాస్తే తమకు సంబంధం లేదంటారు, అది నిజమే.

సమాచార హక్కు దరఖాస్తుకు కర్ణాటకలో కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. ఒక దరఖాస్తులో ఒకే విషయం ఉండాలి, 150 మాటలు దాటకూడదు. రుసుము 10 రూపాయలు, నకలుకు పేజీకి 2 రూపాయలు. "హొంగసంద్ర వార్డు పూర్తి ఎన్నికల చరిత్ర ఇవ్వండి" అని అడిగితే తిరస్కరించడం సులువు, అది సమాచారం కాదు, పరిశోధన. కాగితం పేరు పెట్టి అడగాలి. ఇలా నాలుగు వేర్వేరు దరఖాస్తులు వేయండి: (1) 2010 ఎన్నికకు ముందు వచ్చిన 198 వార్డుల హద్దుల ప్రకటనలో 189వ వార్డు పేజీ నకలు; (2) 2010 ఎన్నికలో 189వ వార్డు పోలింగ్ కేంద్రాల జాబితా, కేంద్రాలవారీ ఓట్ల లెక్కింపు పట్టిక; (3) 2015లో అదే వార్డు నామినేషన్ల పరిశీలన, ఉపసంహరణ పట్టికలు, ఏకగ్రీవ ప్రకటన; (4) బొమ్మనహళ్లి నగరసభ చివరి ఎన్నికలో వార్డుల హద్దుల ప్రకటన, విజేతల జాబితా. 30 రోజుల్లో జవాబు రావాలి. బీబీఎంపీ ఫైళ్లు ఇప్పుడు ఐదు పాలికెలకు పంచుకుపోయాయి కాబట్టి కాగితం తమ దగ్గర లేదనే జవాబు రావచ్చు. అలాంటప్పుడు 6(3) సెక్షన్ కింద సంబంధిత కార్యాలయానికి ఐదు రోజుల్లో బదిలీ చేయాల్సింది వాళ్లే. దరఖాస్తు చివర ఆ సెక్షన్ పేర్కొంటూ ఒక వాక్యం ముందే రాసిపెట్టండి.

దరఖాస్తు జవాబు కోసం కూర్చోకుండా కబ్బన్ పార్కులోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలో పాత పత్రికలు చూడండి. లెక్కింపు మరుసటి రోజు నగర పేజీలు చాలు. 2010 లెక్కింపు ఏప్రిల్ 5న జరిగింది, 2015ది ఆగస్టు 25న. అయితే పత్రిక అంకె తొలి అంకె. రాజపత్రంతో తేడా వస్తే రాజపత్రమే ప్రమాణం.

కన్నడ కాగితం చదివేటప్పుడు

తెలుగు వచ్చినవారికి కన్నడ లిపి సగం వచ్చినట్టే కాబట్టి ధైర్యంగా చదువుతాం. పొరపాట్లు అక్కడే పడతాయి. కన్నడ అంకెల్లో 6, 9 ఒకదానికొకటి చాలా దగ్గరగా ఉంటాయి, తేడా అంతా కొన తిరిగిన తీరులోనే. జిరాక్స్ మీద జిరాక్స్ తీసిన కాగితంలో ఆ కొన చెరిగిపోతుంది. ప్రతి పోలింగ్ కేంద్రం వరుసనూ అడ్డంగా కూడి చివరి మొత్తంతో సరిచూడండి. మొత్తం 3 గానీ 30 గానీ 300 గానీ తేడా వస్తే, తొంభై పాళ్లు ఆరు తొమ్మిదయింది లేదా తొమ్మిది ఆరయింది. ఒకట్ల స్థానంలో అయితే 3, పదుల్లో అయితే 30, వందల్లో అయితే 300. ఆ స్థానంలో ఉన్న అంకెలను మాత్రం మళ్లీ చూస్తే పని అయిపోతుంది.

కంప్యూటరు ఫైలుగా వచ్చినవాటిలో ఇంకో చిక్కు. పాత కాగితాలు చాలావరకు నుడి అనే కన్నడ టైపింగ్ సాఫ్ట్‌వేర్ ఫాంట్లలో, యూనికోడ్ కాని పద్ధతిలో టైపు చేసినవి. తెరమీద చక్కగా కనిపిస్తాయి, కాపీ చేసి అతికిస్తే చెత్త అక్షరాలు వస్తాయి. ఆ ఫైల్లో వార్డు పేరు కొట్టి వెతికితే "లేదు" అనే వస్తుంది. లేదనుకుని ఫైలు మూసేయకండి. నుడి నుంచి యూనికోడ్‌కు మార్చే సాధనంతో మార్చండి, లేదా పేజీలు తిప్పుతూ కళ్లతో వెతకండి.

నంబరు విషయంలోనూ జాగ్రత్త. 2008 పునర్విభజనతో వచ్చిన బొమ్మనహళ్లి శాసనసభ నియోజకవర్గం సంఖ్య 175. 198 వార్డుల జాబితాలో బొమ్మనహళ్లి వార్డు సంఖ్యా 175నే. పక్కనే బీటీఎం లేఅవుట్ నియోజకవర్గం 172, మడివాళ వార్డూ 172. "బొమ్మనహళ్లి 175" అని ఉన్న పట్టిక శాసనసభదా, వార్డుదా అన్నది మొత్తం ఓటర్ల సంఖ్య చూస్తే తెలిసిపోతుంది. 2011 జనగణన ప్రకారం బీబీఎంపీ జనాభా 84,43,675. 198తో భాగిస్తే వార్డుకు సగటున 42 వేల పైచిలుకు. పట్టికలో ఓటర్లు లక్షల్లో ఉంటే అది వార్డు కాదు. హొంగసంద్ర వార్డు బొమ్మనహళ్లి శాసనసభ నియోజకవర్గంలోని ఎనిమిది వార్డుల్లో ఒకటి. మిగతావి హెచ్ఎస్ఆర్ లేఅవుట్, బొమ్మనహళ్లి, జరగనహళ్లి, పుట్టేనహళ్లి, బిళేకహళ్లి, మంగమ్మనపాళ్య, అరకెరె.

నగరసభ వార్డు నుంచి 189కి వంతెన

అసలు శ్రమ అంతా ఇక్కడుంది. ఓటర్ల జాబితాలో ప్రతి భాగానికీ మొదటి పేజీ ఒకటి ఉంటుంది. అందులో ఆ భాగంలోకి వచ్చే వీధులు, పోలింగ్ కేంద్రం పేరు, చిరునామా ఉంటాయి. వార్డు మారినా బడి మారదు. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలోని కేంద్రం పదిహేనేళ్లయినా సాధారణంగా అదే బడిలో ఉంటుంది. నగరసభ కాలపు జాబితా మొదటి పేజీలు ఒక పక్క, 2010 నాటివి ఒక పక్క పెట్టి వీధి పేర్లను జత చేయండి. పేర్లు మారుతుంటాయి, మెయిన్ రోడ్డు నంబర్లు లేఅవుట్‌కొకటిగా ఉంటాయి. "3వ క్రాస్" అన్నది ఒక్క వార్డులోనే నాలుగు చోట్ల ఉండవచ్చు. అందుకే వీధితోపాటు లేఅవుట్ పేరు లేదా సర్వే నంబరు తప్పక రాసుకోండి.

జత కుదిరాక, పాత వార్డు ఓటర్లలో ఎంత భాగం 189లోకి వచ్చిందో లెక్కించండి. ఉదాహరణకు, ఊహించిన అంకెలే ఇవి: పాత వార్డులో 4,000 మంది ఓటర్లు, అందులో 3,200 మంది వీధులు 189లో పడ్డాయి, అంటే 80 శాతం. అలాంటిదాన్ని "పూర్వ వార్డు" అనవచ్చు. 1,400 మందే వచ్చి ఉంటే 35 శాతం, అప్పుడు "కొంత భాగం" అనే రాయాలి. నా లెక్కలో మూడింట రెండొంతులు దాటితేనే పూర్వ వార్డు అనే మాట వాడాలి. అంతకు తక్కువైతే ఆ వార్డు విజేతను మీ వార్డు చరిత్రలోకి లాక్కోవడం న్యాయం కాదు.

కొత్త ఓటర్ల సంగతీ మరిచిపోవద్దు. బేగూరు రోడ్డు చుట్టూ లేఅవుట్లు, అపార్ట్‌మెంట్లు, పీజీలు పెరిగి నివాసులు మారిపోయారు. మన తెలుగువాళ్లలో చాలామంది ఓటు సొంత ఊళ్లోనే ఉంచుకుంటారు. కాబట్టి జనాభాను చూసి ఓటర్ల సంఖ్యను ఊహించడం, ఓటర్లను చూసి ఏ భాషవాళ్లు ఎందరో ఊహించడం రెండూ చేయకండి. ఓటర్ల జాబితాలో భాష అనే గడి లేదు. ఇంటిపేరు రెడ్డి అయితే తెలుగువాడే అనుకోవడం ఈ ఊళ్లో అసలే నిలవదు. తరతరాలుగా కన్నడమే ఇంటి భాషగా ఉన్న రెడ్డి కుటుంబాలు ఇక్కడ ఎన్నో.

లెక్కలు

ఆధిక్యం శాతం దేనిమీద తీశారో ప్రతిసారీ చెప్పాలి. చెల్లిన ఓట్ల మీదా, మొత్తం ఓటర్ల మీదా అన్నదాన్ని బట్టి అదే అంకె వేరేగా కనిపిస్తుంది. మళ్లీ ఊహా లెక్కే: 30,000 మంది ఓటర్లలో 12,000 ఓట్లు పోలయి గెలిచినవారికి 5,400, రెండోవారికి 4,800 వస్తే తేడా 600. పోలైన వాటిలో అది 5 శాతం, ఓటర్లలో 2 శాతం. 2010లో నగర సగటు పోలింగ్ 44 శాతం దగ్గర ఉంది కాబట్టి ఈ తేడా మీ పట్టికలోనూ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నోటా ఉన్న ఎన్నికైతే దాన్ని వేరే వరుసలో చూపి, శాతం తీసేటప్పుడు కలిపారో లేదో కింద రాయండి. 2010 నుంచి 2015కు మీ వార్డులో ఓట్ల మొగ్గు ఎంత మారిందో లెక్క తీయడానికి దారి లేదు. రెండో చివర ఓటే లేదు.

రిజర్వేషన్ గడి తప్పనిసరి. మహిళలకు 2010లో మూడో వంతు స్థానాలు, 2015లో సగం కేటాయించారు. వార్డు రిజర్వేషన్ మారితే గెలిచిన కార్పొరేటరు అక్కడ మళ్లీ నిలబడలేకపోవచ్చు. అది తెలియకుండా చదివినవారు "ఓడిపోయాడు" లేదా "పార్టీ టికెట్ ఇవ్వలేదు" అనుకుంటారు. ప్రతి ఎన్నిక ఎదుట ఆనాటి కేటాయింపు రాస్తే ఆ అపార్థం రాదు.

మధ్యలో ఖాళీ వచ్చి ఉపఎన్నిక జరిగితే దానికీ సొంత వరుస ఇవ్వాలి. మీ పక్క వార్డుల వాళ్లూ ఇలాంటిది రాసుకుంటే పనికొస్తుందని చెబుతున్నాను. ఉపమేయర్ రమీలా ఉమాశంకర్ 2018 అక్టోబరులో మరణించడంతో కావేరీపుర వార్డుకు 2019 మేలో ఉపఎన్నిక జరిగింది. 2015లో జేడీఎస్ గెలిచిన ఆ స్థానం బీజేపీకి వెళ్లింది. అదే రోజు సగాయపురంలో, 2015లో స్వతంత్రుడు గెలిచిన చోట, కాంగ్రెస్ గెలిచింది. 2015 పట్టిక మాత్రమే చూసి రాసేవారికి ఈ రెండూ కనిపించవు. సభ్యుడు గడువు మధ్యలో పార్టీ మారితే మాత్రం విజేత పార్టీ గడిని దిద్దవద్దు, కింద ఒక గమనిక చాలు.

మేయరు ఎన్నికను వార్డు పట్టికతో కలపకండి. 2015లో 198లో 100 గెలిచి కూడా బీజేపీకి మేయరు పదవి రాలేదు. మడివాళ నుంచి గెలిచిన కాంగ్రెస్ సభ్యుడు బి.ఎన్. మంజునాథ రెడ్డి మేయరయ్యారు. నగరంలోని ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు, ఎంపీలకూ మేయరు ఎన్నికలో ఓటు ఉండడం, జేడీఎస్, స్వతంత్రులు కాంగ్రెస్ వైపు నిలవడం కారణం. హొంగసంద్ర ఏకగ్రీవం ఆ నూరులో ఒకటి, అంతవరకు చెప్పుకోవచ్చు.

పాత నగరం నడిబొడ్డున, బసవనగుడిలోనో శివాజీనగరలోనో ఉన్నవారు ఇదే పద్ధతిలో ఇంకా వెనక్కి వెళ్లవచ్చు. 1949లో నగర మున్సిపాలిటీ, దండు (కంటోన్మెంట్) మున్సిపాలిటీ కలిసి కార్పొరేషన్ ఏర్పడినప్పుడు 50 డివిజన్లకు 70 మంది ఎన్నికైన సభ్యులు. అంటే కొన్ని డివిజన్లకు ఒకరికంటే ఎక్కువ మంది ప్రతినిధులు. ఆ కాలపు జాబితాలో ఒకే డివిజన్ ఎదుట రెండు పేర్లుంటే అచ్చు తప్పనుకుని ఒకదాన్ని కొట్టేయకండి.

మీ సావనీరుకు ఇంత పని ఒక్కరు చేయనక్కరలేదు. హద్దుల ప్రకటన పేజీ, 2010 కేంద్రాలవారీ పట్టిక, 2015 ఏకగ్రీవ ప్రకటన, ఈ మూడు దొరికితే బీబీఎంపీ కాలం పూర్తవుతుంది. నగరసభ వంతెన తర్వాతి సంచికకు ఉంచుకోవచ్చు. ఓటర్ల జాబితా మొదటి పేజీలు వచ్చాక వీధుల జత ఎక్కడైనా చిక్కుబడితే లేఅవుట్ పేరు, పోలింగ్ బడి పేరు రాయండి, చూసి చెబుతాను.